నంద గొడుగుకు మొదటి ముడి

రౌలీగాడ్
చైత్ నెల, 2000

చిరంజీవి సరూలీకి,

మీ వదిన దేవేశ్వరి దీవెనలు. అమ్మవారు నంద దయవల్ల ఇక్కడ మేం కులాసా. నువ్వూ, మీ ఆయనా, పిల్లా బాగున్నారని తలుస్తాను.

బురాన్స్ పూలు విచ్చుకున్నాక మళ్ళీ మంచు పడింది. ఎర్రటి పూల మీద తెల్లటి మంచు. గడపల మీద పూలు చల్లడానికి వచ్చిన పిల్లలు వణికిపోతూ, చల్లిన పూలకంటే పొయ్యి దగ్గర కూర్చున్నదే ఎక్కువ. నువ్వు చిన్నప్పుడు చేసిన పని కూడా అదే. అందరి గడపలకీ ఒక్కో పువ్వు వేసి, మన గడపకు మాత్రం బుట్ట మొత్తం గుమ్మరించేదానివి.

ఇక అసలు సంగతి. కింద పట్టీ ఊళ్ళలో, నందకు ముందు నడవాల్సిన నాలుగు కొమ్ముల పొట్టేలు దొరికిందట. నిన్న వాణ్ ఊరి నుంచి వచ్చిన వాళ్ళు చెప్పారు. ఈ భాదో నెలలో మన నంద యాత్రగా అత్తారింటికి బయల్దేరుతోంది. ఆ మాట వినగానే వాకిట్లో ఉన్న ముసలమ్మలందరికీ కళ్ళు నిండాయి. నాకూ నిండాయి. పన్నెండేళ్ళకోసారి రావాల్సిన మాట ఈసారి పదమూడేళ్ళకి వచ్చింది, పాలు పొంగిపోయినా ఫరవాలేదనిపించింది. నిజంగానే పొంగిపోయాయి.

యాత్రలో నందకు పట్టే మన ఊరి గొడుగు మోసే వంతు ఈసారి మీ అన్నయ్యకు వచ్చింది. అందరిముందూ ఊరిపెద్ద ప్రధాన్‌గారు, "హయాతూ, నీ భుజాలకి నాగలి తప్ప ఇంకో బరువు తెలీదు. ఈసారి నంద గొడుగు నీదే" అన్నారు. అందరూ నవ్వారు. తర్వాత ఆయనే, "మొదటి గుడ్డ కట్టడానికి ఆడపడుచు రావాలి కదా" అన్నారు. నవ్వు ఆగిపోయింది. మీ అన్నయ్య లేచి ఎద్దుకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళారు. ఆ ఎద్దు అప్పుడే తాగింది.

మన ఊరి పద్ధతి నీకు తెలుసు. గొడుగు మోసేవాడి ఇంటి ఆడపడుచు దాని శిఖ మీద మొదటి ముడి వేస్తే గానీ మిగతావాళ్ళ గుడ్డలు ఎక్కవు. ఎందుకు పెట్టారో కూడా తెలుసు. నందను మంచుకొండల్లో ఇచ్చి, పుట్టింటివాళ్ళు పండగలకీ పబ్బాలకీ పిలవడం మరిచారు. ధాన్యం పండని చోట, బూడిద పూసుకునే మొగుడితో, పిలుపు కోసం ఎన్నేళ్ళు చూసిందో ఆ పిల్ల. చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఇక్కడ పంటలు మాడిపోయాయి. అందుకే ఆవిడను సాగనంపే ముందు మన ఇంటి పిల్లల్ని పిలుచుకోవాలి.

నువ్వు రావాలి సరూలీ. నీ సంగతి ఎవరడిగినా ఆయన ఇప్పటికీ నీ పేరు చెప్పరు. "మా భులీ హల్ద్వానీలో ఉంది" అనే అంటారు.

అర్సాల బుట్ట గ్వాల్‌దమ్ బస్సు డ్రైవర్ ధన్‌సింగ్ చేత పంపుతున్నాను. పాకం ఈసారి కొంచెం ముదిరింది. తిట్టుకోకుండా తిను.

ఆశీస్సులతో,
దేవేశ్వరి


హల్ద్వానీ
16 ఏప్రిల్ 2000

వదినకు నమస్కారం.

ఇక్కడ అప్పుడే ఎండలు. మధ్యాహ్నం గిన్నె ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. దోమలకి మాత్రం ఏ కాలమైనా ఒకటే. మా ఆయనకి కలప డిపోలో ఎప్పటి పనే. పిల్ల నాకంటే పొడుగైంది.

అర్సాలు అందాయి. పాకం ముదిరిందని నువ్వు ముందే రాయడం తెలివైన పనే. పిల్ల ఒక్కటీ మిగల్చలేదు. నేను తినలేదు. అంచు విరిచి చూశానంతే, ముదిరిందో లేదో తెలియాలి కదా. ముదిరింది.

వదినా, నువ్వు పిలిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొస్తాను. అమ్మ పోయాక నా తల దువ్వింది నువ్వు. కానీ ఆడపడుచును పిలవాల్సింది నువ్వు కాదు. చైత్ నెలలో బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడాల్సింది అన్న. మా పక్కింటి పిథోరాగఢ్ ఆవిడకి అన్న వస్తాడు, ముసలాయన, కర్ర పట్టుకుని. వచ్చి గుమ్మంలో దగ్గుతాడు. ఆ దగ్గు వినగానే ఆవిడ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేస్తుంది. నాకు మాత్రం బుట్టను బస్సు డ్రైవర్ ఆలుగడ్డల బస్తాల పక్కనుంచి తీసి, "ఇదిగోనమ్మా నీ సామాను" అని ఇస్తాడు. పదమూడేళ్ళుగా నేను పుట్టింటినుంచి సామాను అందుకుంటున్నాను.

పోయిన యాత్రలో ఏం జరిగిందో నువ్వు మరిచి ఉండవు. పెళ్ళైన మొదటి ఏడు. అత్తగారితో, మరిదితో కలిసి వాణ్ వచ్చాను. లాటూ దేవుడి గుడి ముంగిట్లో నువ్వు నా ఒళ్ళో మూట పెట్టావు. చూరా అటుకులు, అర్సాలు, దోసకాయ, మక్కపొత్తులు. అప్పుడు మీ ఆయన తూలుతూ వచ్చి అందరిముందూ అన్నాడు, "ఇచ్చి పంపేశాం కదా, ఇంకా ఎందుకు వస్తావు? సంచి నింపుకోడానికా?" అని. మా మరిది పకాలున నవ్వాడు. నేను ఆ మూట గుడిమెట్టు మీద పెట్టేసి వెళ్ళిపోయాను.

తాగి అన్నాడని నువ్వు అంటావు. నిజమే. కానీ మత్తు తెల్లారేసరికి దిగుతుంది కదా వదినా. ఇన్నేళ్ళలో తెల్లారలేదా? అన్ని మాటలన్న నోటికి పిలుపు ఒక్కటే బరువైందా?

నన్ను ఇంకా భులీ అంటాడని రాశావు. ఇక్కడ చెల్లెల్ని ఎవరూ ఆ మాటతో పిలవరు. నా చెవులు ఆ మాటే మరిచిపోయాయి. అతను నోరు తెరిచి ఒక్కసారి పిలవమను. వస్తాను.

మా వీధి మూల కిరాణా కొట్టులో గుప్తా లాలా ఫోన్ పెట్టించాడు. నంబర్ వెనకవైపు రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తుందేమో.

సరూలీ


రౌలీగాడ్
జేఠ్ నెల

చిరంజీవి సరూలీకి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. వాణ్ వెళ్ళొచ్చాక రాద్దామని ఆగాను.

వైశాఖ పూర్ణిమకి లాటూ తలుపు తెరిచారు. ఎప్పటిలాగే పూజారి కళ్ళకి, నోటికి గుడ్డ కట్టుకుని ఒక్కడే లోపలికి వెళ్ళాడు. మేమంతా దూరంగా ముంగిట్లో కూర్చున్నాం. లోపల ఏముందో ఆయనా చూడడు, మనమూ చూడం. అయినా తలుపు చప్పుడు కాగానే గుండె ఝల్లుమంటుంది. ఇన్నిసార్లు విన్నా అంతే. దేవదారు చెట్లమీద నుంచి మంచు చుక్కలు పడుతున్నాయి. పైన బేద్నీ మైదానం వైపు మబ్బు విడిపోయి, త్రిశూల్ కొండ ఒక్కసారి కనపడి మళ్ళీ మూసుకుపోయింది. ముసలివాళ్ళందరూ ఒకేసారి చేతులు ఎత్తారు. చెప్పినవాళ్ళెవరూ లేరు.

లాటూ కథ అత్తగారు, మీ అమ్మ, చెప్పేవారు, నీకు గుర్తుండే ఉంటుంది. నందకు తోడుగా అత్తారింటి దాకా వస్తానని బయల్దేరిన అన్న. వాణ్ చేరేసరికి దాహం. ఓ ముసలమ్మ గుడిసెలో రెండు కుండలు. ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో సారా. రెండూ తెల్లగానే ఉన్నాయి. తప్పు కుండ ఎత్తి తాగాడు. తాగినవాడు ఏం చేస్తాడు, నానా గందరగోళం చేశాడు. నంద కోపంతో అతన్ని కట్టి పడేయించింది. అత్తగారు కథ అక్కడ ఆపి, కట్టెలు ఎగదోసి, మళ్ళీ మొదలుపెట్టేవారు. పొద్దున నంద బయల్దేరబోయి వెనక్కి చూసింది. కట్లలో తలవంచుకుని కూర్చున్న అన్న కనిపించాడు. "ఇక్కడ నీకు గుడి ఉంటుంది. నేను అత్తారింటికి వెళ్ళినప్పుడల్లా ఇక్కడి నుంచి నువ్వే ముందు నడవాలి" అంది. ఇప్పటికీ వాణ్ దాటాక అన్ని పల్లకీలకంటే ముందు నడిచేది లాటూ జెండాయే.

దీన్ని పట్టుకుని నీకేదో చెప్తున్నాననుకోకు. అక్కడ కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది, రాశాను.

మీ అన్నయ్య ఏటా ఆ తలుపు తెరిచే రోజు వెళ్తారు. ముంగిట్లోకి రారు. బయట గోడవారగా నిలబడతారు. పోయిన యాత్ర నుంచి ఆయన సారా ముట్టుకోలేదు. పెళ్ళిళ్ళలో కూడా. ఆయన అన్నలాంటి వాళ్ళు "హయాతూ, నీకు లాటూ పూనాడా" అని ఏడిపిస్తారు.

ఇంకోటి. ఇది నాకూ మొన్నే తెలిసింది. బుట్ట ధన్‌సింగ్‌కి ఇచ్చేది మనకి దగ్గరి దేవాల్ బజారులో అనుకున్నాను ఇన్నాళ్ళూ. ధన్‌సింగ్ మన వాకిట్లో టీ తాగుతూ అన్నాడు, "మీ ఆయన ప్రతి ఏడూ గ్వాల్‌దమ్ దాకా నా బస్సులోనే వస్తాడు వదినా, బుట్ట ఒళ్ళో పెట్టుకుని. అక్కడ దిగి నా చేతికిచ్చి, బస్సు మలుపు తిరిగేదాకా చూస్తాడు. మరి టికెట్ హల్ద్వానీకే కొట్టించుకోవచ్చుగా అంటే, వచ్చే ఏడు అంటాడు" అని. నేను లోపలికి వెళ్ళి చాలాసేపు ఊరికే పిండి జల్లించాను.

నువ్వు రాసిన నంబరు ఆయన జేబులో పెట్టాను. దేవాల్ వెళ్ళి ఫోన్ చేస్తారట. "ఏం చెప్పాలి" అని అడిగారు, పొలంలో మొదటిసారి నాగలి పట్టిన పిల్లాడిలా. "పిలవండి, చాలు" అన్నాను.

ఆశీస్సులతో,
దేవేశ్వరి


హల్ద్వానీ
20 జూన్ 2000

వదినా,

లాటూ కథ నువ్వు ఊరికే చెప్పవని నాకు తెలుసు. చదివి ఏడ్చాను కూడా. గ్వాల్‌దమ్ సంగతి చదివాక చీరలు మడిచి పక్కన పెట్టాను. మా ఆయనతో సెలవు మాట్లాడించాను. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఎంత తెలివితక్కువదాన్నో నువ్వు కూడా తెలుసుకోవాలని.

ఫోన్ వచ్చింది. నేను చేతిపంపు దగ్గర ఉన్నాను. గుప్తా లాలానే ఎత్తాడు. కొట్టుకు వెళ్తే, "దేవాల్ బూత్‌వాడు నీ పేరు చెప్పి కలిపాడమ్మా, నీ పుట్టింటినుంచి ఎవరో మగమనిషి. నువ్వు మరిచిపోయావట. మరిచిపోయింది, మరిచిపోయింది అని రెండు మూడుసార్లు అన్నాడు, పెట్టేశాడు" అన్నాడు. కొట్టు నిండా జనం. పదమూడేళ్ళ కిందట మా మరిది నవ్వినట్టే ఎవరో నవ్వారు.

నేనా మరిచింది?

ఏ నెలలో మన ఇంటి వెనక ఆడూ పళ్ళ చెట్టు కాస్తుందో చెప్పనా? నందఘుంటి కొండ మీద పొద్దు ఏ వైపు నుంచి ముందు పడుతుందో చెప్పనా? అన్నయ్య ఎడమకాలికి గొడ్డలి దెబ్బ తగిలినప్పుడు రక్తం ఆపడానికి ఏ ఆకు నమిలి పెట్టానో చెప్పనా? ఏటా బుట్టమీద నువ్వు కట్టి పంపే గుడ్డలు, నీ పాత చీరలు చింపినవి, ఒక్కటీ పారెయ్యలేదు. పెట్టెలో అడుగున ఉన్నాయి. అవి ఎందుకు దాస్తున్నావని పిల్ల అడిగితే పెట్టె మూత వేసేస్తాను.

సంచి నింపుకోడానికి వచ్చావన్నవాడే ఇప్పుడు మరిచిపోయావంటున్నాడు. వస్తే ఒక మాట, రాకపోతే ఒక మాట.

నేను రాను. వచ్చే చైత్‌లో బుట్ట పంపకు. ధన్‌సింగ్‌కి బరువు తగ్గుతుంది.

నీ ఒంటికి ఎలా ఉందో రాయి. అది మాత్రం రాయి.

సరూలీ


రౌలీగాడ్
అసాఢ్ నెల

చిరంజీవి సరూలీకి,

నీ దగ్గరనుంచి ఉత్తరం రాకపోయినా రాస్తున్నాను. వానకి దారి తెగింది, టపా ఎక్కడో చిక్కుకుని ఉంటుంది. గడ్డి కోస్తూ జారి కాలు బెణికింది. ఉప్పు, పసుపు కట్టి కూర్చున్నాను. కంగారు పడకు. కూర్చునే ఉన్నాను కాబట్టి రాయడానికి తీరిక దొరికింది.

మీ అన్నయ్య దేవాల్ నుంచి వచ్చి గొంగళి కప్పుకుని పడుకున్నారు. అన్నం వద్దన్నారు. చీకటి పడ్డాక నేను దగ్గర కూర్చుంటే అప్పుడు చెప్పారు. ఫోన్ కలిసిందట. వాన వల్ల లైనులో గొరగొరమని చప్పుడు తప్ప ఏమీ వినపడలేదట. "అటువైపు ఎత్తారు. అది ఎత్తిందని తెలిసింది. చెప్పాలనుకున్నవన్నీ పోయాయి. భులీ అన్నాను. మళ్ళీ భులీ అన్నాను. మూడోసారీ అన్నాను. అది పలకలేదు" అన్నారు.

సరూలీ, నేను నిన్ను తప్పు పట్టడం లేదు. నీ కడుపులో మంట నాకు తెలుసు. కానీ ఆ మనిషి అన్నేళ్ళుగా మింగిన మాట ఒక్కటి బయటికి వచ్చినప్పుడు నువ్వు ఊఁ అనైనా అనాల్సింది.

మర్నాడు ఆయన ప్రధాన్‌గారి ఇంటికి వెళ్ళి గొడుగు వద్దన్నారు. "మొదటి ముడి వేసేవాళ్ళు లేనివాడు గొడుగు ఎత్తకూడదు" అన్నారట. ప్రధాన్‌గారు తిట్టారు, బతిమాలారు. ఈయన వినలేదు. చివరికి ప్రధాన్‌గారే, ఈ గొడుగు మా ఇంట్లో పెడుతున్నాను, బయల్దేరే రోజు చూద్దాం అన్నారట.

ఆ గొడుగు చాలా బాగా వచ్చింది. అడవినుంచి రింగాల్ వెదురు తెచ్చి, నానబెట్టి, చీల్చి, మీ అన్నయ్యే అల్లారు. చేట అల్లినట్టు కాదు. ఊయల అల్లినట్టు అల్లారు.

నేను నంద ముందు కూర్చుని అడిగాను, అమ్మా, నీకైతే పిలుపు ఆలస్యమైనా అందింది, మా పిల్లకి పిలుపు అందినా ఎందుకు అందలేదు అని. దీపం చాలాసేపు నిలకడగా వెలిగింది.

ఆశీస్సులతో,
మీ వదిన


హల్ద్వానీ
24 జూలై 2000

వదినా వదినా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నిలబడే రాస్తున్నాను.

చదువుతూ చదువుతూ భులీ అన్న చోట ఆగిపోయాను. కాగితం పట్టుకునే గుప్తా లాలా కొట్టుకు పరుగెత్తాను.

"లాలా, ఆ రోజు ఫోన్‌లో ఆయన ఏమన్నాడు? నీ మాటల్లో కాదు, ఆయన మాటల్లో చెప్పు."

"చెప్పాను కదమ్మా, మరిచిపోయావని..."

"ఆ మాట కాదు. ఏ మాట అన్నాడు?"

"భూలీ, భూలీ అన్నాడు. ఎవరు భూలీ, ఏం భూలీ అని నేను అరుస్తున్నా. మళ్ళీ అదే మాట. ఏడుస్తున్నాడేమో అని కూడా అనిపించింది."

"ఏడుస్తున్నాడా? ఆ ముక్క అప్పుడే చెప్పలేదేం?"

"పప్పు తూస్తున్నానమ్మా!"

వాళ్ళ మైదానం మాటలో భూలీ అంటే మరిచిపోయింది అని. మన కొండమాటలో భులీ అంటే ఏమిటో ఆయనకేం తెలుసు! నేను బస్తాల మధ్య కూలబడి నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీలేదు. లాలా కంగారుపడి బెల్లం ముక్క ఇచ్చాడు. "ఆ మాటకి మా ఊళ్ళో చెల్లి అని అర్థం" అంటే, తలబాదుకుని, "అయ్యో, నేను పండగ పిలుపుని తిట్టుగా చేశానా" అన్నాడు. తక్కెడ పక్కన పెట్టి లెంపలు వేసుకున్నాడు.

అన్నయ్యకి చెప్పు. ఫోన్ ఎత్తింది నేను కాదు. నేనైతే ఒక్కసారికే పలికేదాన్ని. గొడుగు ఎవరికీ ఇవ్వద్దని చెప్పు. నేను వస్తున్నాను. నా మునుపటి ఉత్తరం పొయ్యిలో పెట్టు.

కాలు జాగ్రత్త. గడ్డి ఇంకెవరైనా కోస్తారు.

సరూలీ


రౌలీగాడ్
భాదో నెల

సరూలీకి,

ఈ ఉత్తరం నీకు ఎప్పుడు చేరుతుందో తెలీదు. నీ కోపం ఉత్తరం ఒక్కటే అందింది, జూన్‌ది. తర్వాత టపా లేదు. థరాలీ కింద కొండ విరిగి పడింది. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించలేదు. "మరిచిపోయిందని అన్నారా" అని మాత్రం అడిగాను. "నేనా? అలా ఎందుకంటాను" అన్నారు. ఆ మొహం చూసి ఇంకేమీ అడగలేకపోయాను. ఎక్కడో ఏదో తేడా వచ్చింది తల్లీ. ఎక్కడో నాకు అర్థం కాలేదు.

ఇవాళ మన ఊరి వాళ్ళు వాణ్ బయల్దేరారు. నా కాలు ఇంకా నేలమీద పూర్తిగా ఆనదు, అందుకని ఊరి చివర దాకా కర్ర పట్టుకుని వెళ్ళాను. డప్పులు మొదలవగానే అన్ని ఇళ్ళ తలుపులూ తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు దోసకాయలు, కొత్త మక్కలు, గాజులు, బొట్టు డబ్బాలు తెచ్చి నంద మూటలో పెట్టారు. దేవికి పెడుతున్నట్టు కాదు, దూరం వెళ్ళే పిల్లకి ఏది తక్కువవుతుందో అని వెతికి వెతికి పెడుతున్నట్టు. పక్కింటి కమల కోడలు ఆఖరి నిమిషంలో పరుగెత్తుకెళ్ళి దువ్వెన తెచ్చింది. "అక్కడ మంచులో దువ్వెన ఎవరిస్తారు" అంది. నాకు నీ జడ గుర్తొచ్చింది.

పొట్టేలు పైదారిలో పెద్ద యాత్రతో వస్తోందట. ఎవరూ తాడు పట్టుకుని లాగనక్కర్లేదట, అదే ముందు నడుస్తోందట. పైన హోమకుండం దగ్గర వీపు మీద నంద సామాను కట్టి వదిలేస్తే, వెనక్కి తిరిగి చూడకుండా మంచులోకి వెళ్ళిపోతుంది. నేను చూడలేదు, ఆడవాళ్ళం మన ఊళ్ళో వాణ్‌తోనే ఆగిపోతాం. వెళ్ళొచ్చిన మగవాళ్ళు ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఎంత పెద్దగొంతువాళ్ళైనా నెమ్మదిగా చెప్తారు. ఆ కొండ అంత పెద్దది మరి. అక్కడికి ఇంటి పిల్లని పంపి, పన్నెండేళ్ళు ఇక్కడ గోధుమలు విత్తుకుంటూ బతుకుతాం మనం.

గొడుగు మన ఊరి ప్రేమ్‌సింగ్ ఎత్తాడు. వాడికి అక్కచెల్లెళ్ళు లేరు. ప్రధాన్‌గారు, "శిఖ మీద చోటు ఖాళీగా వదిలెయ్యండి, ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు. అందుకని ఆ గొడుగు బోసిగా వెళ్ళింది. మిగతా ఊళ్ళ గొడుగులు రంగురంగుల గుడ్డలతో పెళ్ళికూతుళ్ళలా ఉంటాయి, మనది మాత్రం తల దువ్వుకోని పిల్లలా ఉంది. మీ అన్నయ్య గుంపులో అందరికంటే వెనక నడిచారు. చేతులు వెనక్కి కట్టుకుని. ఆయన అల్లిన గొడుగు ముందు ఊగుతూ వెళ్తోంది, ఆయన దానివైపు చూడటం లేదు.

నంద వెళ్తోంది. నువ్వు రాలేదు. ఈ రెండూ ఒకే రోజు జరగకుండా ఉండాల్సింది.

ఆశీస్సులు,
వదిన


వాణ్
భాదో నెల

మా వదినకు,

ఆశ్చర్యపోకు. పైన రాసిన ఊరి పేరు నిజమే. నేను వాణ్‌లో ఉన్నాను. మా ఆయనా పిల్లా కూడా ఉన్నారు. మధ్య ఏరు మీద దుంగ వంతెన నిన్న రాత్రి కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డున నీ పొయ్యి పొగ కనిపిస్తోంది, నీ దగ్గరికి రాలేకపోతున్నాను. గొర్రెలవాళ్ళు పైనుంచి చుట్టుదారిలో దిగుతున్నారు, వాళ్ళ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. రేపో ఎల్లుండో దుంగ వేస్తారట.

నా జూలై ఉత్తరం నీకు అందలేదని ఇక్కడికొచ్చాకే తెలిసింది. అందులో అంతా రాశాను. అన్నయ్య ఫోన్‌లో నన్ను భులీ అని పిలిస్తే, మైదానం వాడైన గుప్తా లాలా మరిచిపోయింది అని విన్నాడు. ఎత్తింది ఆయన, నేను కాదు. అంతే జరిగింది. అంతకే నేను రానన్నాను, అన్నయ్య గొడుగు దించేశాడు.

కొండ విరిగిన చోట బస్సు దిగి నడిచాం. పిల్లకి కాళ్ళు బొబ్బలు. "మామయ్య ఇంతదూరం ఏటా బుట్ట పట్టుకొచ్చేవాడా" అంది. గ్వాల్‌దమ్ దాకా, అన్నాను. "ఇంకొంచెం వస్తే అయిపోయేది కదా" అంది. పిల్లలకి అన్నీ తేలికే.

లాటూ గుడికి చేరేసరికి ముంగిలంతా గొడుగులు, డప్పులు, వాన. దేవదారుల కింద నిలబడేందుకు చోటు లేదు. అన్ని గొడుగుల మధ్య బోసి శిఖ ఉన్నది ఒక్కటే. అల్లిక చూసి ఎవరిదో పోల్చుకున్నాను. ఆ అంచు ముడి అన్నయ్య తప్ప ఎవరూ వెయ్యరు. కానీ మోస్తున్నది ప్రేమ్‌సింగ్. గుంపంతా అన్నయ్య కోసం వెతికాను.

ప్రధాన్‌గారు నన్ను చూసి పెద్దగా అరిచారు, "ఒరేయ్ హయాతూ! ఎక్కడ దాక్కున్నావురా? ఎవరొచ్చారో చూడు!"

గుడి బయట గోడవారన ఉన్నాడు వదినా. నువ్వు రాసిన చోటే. జుట్టు సగం తెల్లబడింది. నువ్వు ఆ మాట ఎప్పుడూ రాయలేదు. నన్ను చూసి గోడ వదిలి ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు. నేనే వెళ్ళి అన్నాను, "ఏమన్నయ్యా, ఫోన్‌లో మూడుసార్లు పిలిచావట. ఎదురుగా ఉంటే ఒక్కసారైనా పిలవవా?"

"భులీ" అన్నాడు.

"ఊఁ" అన్నాను. నువ్వు అనమన్నదే.

తర్వాత లాలా కథ చెప్పాను. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకి ఆనుకుని నవ్వాడు, నవ్వి నవ్వి మొహం గొంగళిలో దాచుకున్నాడు, భుజాలు మాత్రం చాలాసేపు కదిలాయి. మా ఆయన పాపం ఆకాశం చూస్తూ నిలబడ్డారు.

ప్రేమ్‌సింగ్ గొడుగు తెచ్చి, "తీసుకో అన్నా, నా భుజం అరిగిపోయింది" అని అతని చేతిలో పెట్టేశాడు. అన్నయ్య వంచి పట్టుకున్నాడు. నేను సంచిలోనుంచి గుడ్డలు తీశాను. నువ్వు బుట్టలమీద కట్టి పంపినవే, అన్నీ ఒకదానికొకటి ముడివేసి తెచ్చాను. నీలం చీర, మామిడిరంగు చీర, నీ పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన ఆ గళ్ళ చీర. అన్నయ్య ఒక్కొక్కటీ గుర్తుపట్టాడు. వాటికి నూనె మరకలు ఇంకా పోలేదు. శిఖ మీద మొదటి ముడి వేశాను. వేళ్ళు చలికి బిగుసుకుపోయి రెండుసార్లు జారింది, మూడోసారి పడింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు వెంటనే తమ గుడ్డలు తెచ్చి కట్టడం మొదలుపెట్టారు. మన గొడుగు ఒక్క నిమిషంలో నిండిపోయింది.

అప్పుడు లాటూ జెండా లేచింది. డప్పుల మోతకి నేల అదిరింది. పొట్టేలు, దాని వెనక పల్లకీలు. దాన్ని దగ్గరగా చూశాను వదినా. కళ్ళు ఎంత ప్రశాంతంగా ఉన్నాయో. తాను ఎక్కడికి వెళ్తోందో తెలిసినట్టే ఉంది. అన్నయ్య గొడుగు భుజాన పెట్టుకుని అలవాటుగా వెనక వరసలోకి జరగబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"ముందు నువ్వు నడువు" అన్నాను.

నా మొహంలోకి చూశాడు. అమ్మ చెప్పిన లాటూ కథ మనిద్దరికీ తెలిసినట్టే అతనికీ తెలుసు కదా. వెళ్ళి జెండా వెనకే నిలబడ్డాడు. ఊళ్ళవాళ్ళు దారిచ్చారు. నేను దేవదారు చెట్టు కిందే ఆగిపోయాను. మబ్బులోకి ఎక్కుతున్న గొడుగుల్లో నీ గళ్ళ చీర ముక్క చాలాదూరం దాకా కనపడింది.

వెళ్ళేముందు, పైనుంచి ఏం తేవాలి అని అడిగాడు. బ్రహ్మకమలం అన్నాను. నాకొకటి, నీకొకటి, గుప్తా లాలాకొకటి.

వదినా, పొయ్యి మీద బెల్లం పెట్టు. పాకం ముదరనివ్వకు, ఈసారి ఎదురుగా కూర్చుని తింటాను. నా దగ్గర ఉన్న గుడ్డలన్నీ నంద పట్టుకెళ్ళింది. బుట్టకు కట్టడానికి ఇంకో పాత చీర చూసి ఉంచు. వెళ్ళేటప్పుడు చూరా, అర్సాలు, దోసకాయలు, ఏమీ వదిలిపెట్టను. సంచి నింపుకునే వెళ్తాను.

వంతెన పడగానే వస్తాను.

మీ ఇంటి
భులీ